కాలవలో పడ్డ బస్సు, అందులో లేని మనిషి

నా ఉద్యోగం వినడం. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెట్ల కింద గదిలో కూర్చుని పంతొమ్మిదేళ్ళు జనం చెప్పుకున్న బాధలు విన్నాను. గది బయట ‘కౌన్సిలర్’ అని బోర్డుండేది. అది చూసి మా వీధిలో కుళాయి రావట్లేదని, లైటు వెలగట్లేదని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళవీ విన్నాను. నా వల్ల వెంటనే మేలు పొందింది వాళ్ళేనని చెప్పాలి. మునిసిపల్ ఆఫీసులో నాకో బావమరిది ఉండేవాడు.

తొంభైల మొదట్లో చేరి, ఇంకా బోలెడు సర్వీసు ఉండగానే మానేశాను. కారణం నా ఎడమ చెవి. అది నాకంటే ముందే రిటైరైంది. వచ్చినవాళ్ళు కుర్చీ ఎత్తి నా కుడి వైపు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాక, ఇక ఈ వృత్తికి నేను దణ్ణం పెట్టడం మర్యాద అనిపించింది.

ఇప్పుడు సైకాలజీ చదివిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి “సార్, ఫీల్డులో అసలు ఎలా ఉంటుంది?” అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక హెచ్చరిక. నాకు కోతలు కోసే అలవాటుంది. మా ఇంట్లో నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. మీరు పావు వంతు తీసేస్తే చాలు. పద్మ గారి సంగతిలో మాత్రం ఏమీ తీసెయ్యకండి. అందులో వెధవని నేనే కాబట్టి కోతలు కొయ్యాల్సిన అవసరం రాలేదు.

కాగితానికి రెండో వైపు

చేరిన కొత్తలో కృష్ణకి వరదొచ్చి లంక గ్రామాల్లోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక మా ఆసుపత్రి నుంచి నన్ను పంపారు. చేతిలో ఒక ప్రశ్నల కాగితం. ఎక్కడో దూరదేశంలో తయారై, తెలుగులోకి మారి, నా దగ్గరికొచ్చింది. అది పట్టుకుంటే నాకు స్టెతస్కోపు పట్టుకున్నంత గర్వం.

మొదటి ఇంట్లో ఒక ముసలమ్మ గేదెకి కుడితి పెడుతోంది.

“అమ్మా, వరద సంగతి మీకు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోందా?”

“ఏ వరదయ్యా?”

“మొన్న వచ్చింది కదండీ.”

“మొన్నటిదా! అదేం వరద. పోయినేడుది అడుగు, చెబుతా. దూడ కొట్టుకుపోయింది.”

“సరే, అదే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోందా?”

“అది మళ్ళీ మళ్ళీ వస్తానే ఉంటే, ఇంక గుర్తొచ్చేదేందయ్యా?”

కాగితంలో దీనికి గడి లేదు. తర్వాతి ప్రశ్నకి దూకాను. “వరదని గుర్తుచేసే చోట్లకి వెళ్ళకుండా తప్పించుకుంటున్నారా?”

ఆవిడ పెరట్లోంచి కనిపిస్తున్న ఏటిని చూసింది. గోడ మీద నడుమెత్తున ఉన్న బురద చారని చూసింది. చివరికి నన్ను చూసింది.

“పొద్దున ఏవన్నా తిన్నావా నాయనా?” అని మజ్జిగ తెచ్చిచ్చింది.

మజ్జిగ తాగి ‘లక్షణాలు లేవు’ అని రాశాను. సాయంత్రానికి సంచీ నిండా లక్షణాలు లేని కాగితాలు. మా విభాగం పెద్ద, సైకియాట్రిస్టు వసుంధర గారు వాటిని తిరగేశారు. ఆవిడది తక్కువ మాట, ఎక్కువ చురక.

“ఏవయ్యా, లంకలో జనం అందరూ సుఖంగా ఉన్నారా?”

“ఉన్నారండి.”

“నిద్ర పడుతోందా? ఒళ్ళు మంటలు, నడుం నొప్పి, గుండెదడ ఏవీ లేవా?”

“అవి ఇంటింటికీ ఉన్నాయండి. ఆ గడులు కాగితంలో లేవు.”

ఆవిడ ఒక కాగితం తీసి, తిరగేసి నా ముందు పెట్టారు. వెనక తెల్లగా ఉంది. “ఇటు వైపు ఏం పనిలేక వదిలేశారనుకున్నావా?” అన్నారు.

మర్నాడు మళ్ళీ పడవెక్కి వెళ్ళాను. ముసలమ్మ నన్ను చూసి, “మళ్ళీ వచ్చావా! వరదే నయం, ఏడాదికోసారి వచ్చిద్ది” అంది.

దడుపుకి ఉన్న మర్యాద

తర్వాత చాలా ఏళ్ళకి నాకు అర్థమైన సంగతి ముందే చెప్పేస్తాను. మన వైపు ఒక్కసారి తగిలిన భయానికి పేరుంది, మర్యాద ఉంది. పేరు దడుపు. పామును తొక్కబోయినా, కరెంటు షాకు కొట్టినా, స్కూటర్ మీంచి పడినా “దడుచుకున్నాడు” అంటారు. ఇక ఇంటిల్లిపాదీ కదులుతారు. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీస్తారు. మసీదు దగ్గర నమాజు చేసి వచ్చేవాళ్ళ చేత ఊదిస్తారు. దారం కట్టిస్తారు. అన్నిటికంటే పెద్ద వైద్యం, వీధి వీధంతా పరామర్శకొస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, “అసలెట్టా జరిగింది?” ఆ మనిషి చెబుతాడు. నలభై మందికి నలభైసార్లు చెబుతాడు. పదోసారికి వణుకు తగ్గుతుంది. ఇరవయ్యోసారికి కాస్త అల్లడం మొదలుపెడతాడు. నలభయ్యోసారికి అదొక కథ అయిపోతుంది, ఆ కథలో తనే హీరో అవుతాడు. భయం ఎటు పోయిందో తెలియదు. నేను గంటలు గంటలు కూర్చుని చేసే పని కూడా ఇదే. కాకపోతే పరామర్శకొచ్చేవాళ్ళు అరటిపళ్ళు కూడా తెస్తారు.

రోజూ తగిలే భయానికి పేరు లేదు. ఏటా వచ్చే ఏరు, రోజూ సాయంత్రం తాగి ఇంటికొచ్చే మనిషి. వాటికి దిష్టి లేదు, దారం లేదు. “ఎట్టా జరిగింది?” అని అడగడానికి ఎవరూ రారు. వస్తే గిస్తే “అలవాటైపోయిందిలే” అంటారు. మనసు ఆ మాట ఒప్పుకుంటుంది, ఒళ్ళు ఒప్పుకోదు. అందుకే మా గదికి అంతమంది నడుం నొప్పులు, నరాల బలహీనతలు, గ్యాసులు.

ఇదంతా ఇంత చక్కగా చెబుతున్నాను కదా, అసలు సమయంలో నాకిందులో ఒక్క ముక్క తట్టలేదు.

బస్సు

తొంభైల మధ్యలో ఒక ఏప్రిల్ నెల. హనుమాన్ జంక్షన్ ఇవతల ఒక బస్సు రోడ్డు పక్క ఏలూరు కాలవలో పడింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. బురదతో, దెబ్బలతో బయటపడ్డారు. వాళ్ళలో కొందరు నిద్ర పట్టక మా దగ్గరికొచ్చారు. ఒక బెల్లం వ్యాపారి నాకిప్పటికీ గుర్తు. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన్ని ఎవరో కిటికీలోంచి లాగారు. మూడోసారికి ఆయనే ఇద్దర్ని లాగాడు. అయిదోసారికి డ్రైవర్ని భుజాన వేసుకున్నాడు. ఆరోసారికి బస్సునే ఎత్తేవాడు, అంతలో జబ్బు నయమై రావడం మానేశాడు.

ఆ వరసలోనే సామ్రాజ్యం గారు కోడల్ని తీసుకొచ్చారు. సామ్రాజ్యం గారికి అరవై ఉంటాయి. నెరిసిన ముడి, మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని నడక. కోడలు పద్మకి ముప్పై లోపే. కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది.

“బస్సు కాలవలో పడ్డదంట కదండీ, అందులో ఉందండీ మా కోడలు” అన్నారు అత్తగారు. “అప్పట్నుంచీ ఇట్టా అయిపోయింది. గిన్నె కింద పడితే చాలు, గోడకి అంటుకుపోద్ది. అన్నం సయించదు. నిద్ర లేదు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి బాబూ.”

పద్మ మణికట్టుకి ఆకుపచ్చ దారం ఉంది, ముళ్ళు ముళ్ళుగా.

“ఇదెవరు కట్టారు?” అన్నాను, కొంచెం నవ్వుతూనే.

“వన్‌టౌన్‌లో మస్తాన్ సాయిబు గారండీ” అంది పద్మ.

“సరే, దారం పని దారం చేసుకుంటుంది, నా పని నేను చేస్తాను” అన్నాను. ఆ గొంతు తల్చుకుంటే ఇప్పుడు నాకే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

అత్తగారు బయట బెంచీ మీద కూర్చునేవారు, పద్మ లోపల చెప్పేది. కిటికీ పక్క సీటు. బస్సు ఒరిగింది. కిటికీలోంచి నీళ్ళు లోపలికొచ్చాయి. మెడ దాకా వచ్చాయి. గాజులు పగిలి చేతికి గుచ్చుకున్నాయి. చేతి మీద నిజంగానే గాట్లున్నాయి. రెండుసార్లు వచ్చి అలాగే చెప్పింది. నేను పుస్తకం ప్రకారం కళ్ళు మూసుకోమన్నాను, ఊపిరి లెక్కపెట్టమన్నాను, ఆ నీళ్ళని మళ్ళీ ఊహించుకోమన్నాను. ఏమీ తగ్గలేదు.

మూడోసారి “మెడ దాకా నీళ్ళు” అనగానే నాలో కోతలరాయుడు లేచి కూర్చున్నాడు. అబద్ధాలు చెప్పేవాడికి అబద్ధం వాసన త్వరగా తెలుస్తుంది. డెల్టాలో ఎండాకాలం నీళ్ళు ఆపి కాలవలు కట్టేస్తారు. ఆ ఏడు నీళ్ళు చాలక మార్చిలోనే కట్టేశారు. బస్సు పడేనాటికి ఆ కాలవలో ఉన్నది మోకాలి లోతు బురద.

“అమ్మా, కాలవ కట్టేసి అప్పటికి రెండు వారాలైందండీ” అన్నాను.

పద్మ మొహంలో రంగు పోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. “వెళ్ళొస్తానండీ” అని లేచింది.

నాకు మాత్రం ఏదో దొంగల ముఠాని పట్టుకున్నంత సంబరం. అంతటితో ఊరుకున్నా బాగుండేది. చీటీ మీద, రాయకపోతే కౌంటర్లో ఊరుకోరు కాబట్టి, భర్త పనిచేసే లారీ ఆఫీసు ఫోను నంబరుంది. మర్నాడు పిలిపించాను. ‘కుటుంబ సభ్యుల నుంచి సమాచారం’ అని పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది మరి.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, మాటకి ముందోసారి వెనకోసారి అండీ.

“మీ ఆవిడ బస్సు ప్రమాదంలో ఉన్నారా అండీ?”

“ఏం బస్సండీ? మా ఇంట్లోవాళ్ళు బస్సెక్కి ఏళ్ళయింది.”

“మరి ఇక్కడికి...”

“ఇక్కడికా?” జేబులో పెన్ను సర్దుకున్నాడు. “మా అమ్మ మోకాళ్ళకి కరెంటు పెట్టించుకోడానికి వస్తాందనుకున్నానండీ. తోడుగా ఇదొస్తాందన్నారు.” తర్వాత నవ్వాడు. లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. “మంచి పని చేశారండీ, చెప్పి. చాలా థాంక్సండీ.”

నా సర్వీసు మొత్తంలో నాకు దక్కిన థాంక్సుల్లో అదొక్కటే నేను మర్చిపోలేనిది.

నాలుగు వీధులు

తర్వాతి వాయిదాకి వాళ్ళు రాలేదు. వసుంధర గారికి ఈ సంగతంతా నేనే చెప్పాను, మెచ్చుకుంటారేమోనని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్ళజోడు తీస్తే వార్డుబాయ్‌లు కూడా గదిలోంచి తప్పుకునేవాళ్ళు.

“కాలవ కట్టేసిన సంగతి నీకెట్టా తెలుసు?”

“రోజూ వంతెన మీంచే కదండీ స్కూటర్ మీద వచ్చేది. ఒకటే కంపు.”

“ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికి తెలియదండీ? బయట తిరిగే ప్రతివాళ్ళకీ...”

“ఆ అమ్మాయి ఇల్లెక్కడ?”

“ఏలూరు కాలవకి నాలుగు వీధుల...” అని అక్కడ ఆగిపోయాను.

ఆవిడ ఇంకేమీ అనాల్సిన అవసరం లేకపోయింది, అయినా అన్నారు. “నాలుగు వీధుల దూరంలో కాలవ ఎండిపోతే తెలియని మనిషిని, ఎన్నాళ్ళైందమ్మా గడప దాటి అని అడగాలని తోచలేదు నీకు. రిక్షాకి చుట్టూ గుడ్డ కట్టించి తీసుకొస్తుంటే ఆ పెద్దావిడకి ఎండ తగుల్తుందేమో అనుకున్నావు. చేతి మీద గాజుల గాట్లు బస్సువి కాకపోతే మరెక్కడివని అడగలేదు. అబద్ధం దొరికింది కదా అని ఎగిరావు. ఎవడి దగ్గర దాచారో వాడికే తీసుకెళ్ళి ఇచ్చావు.”

“ఇప్పుడేం చెయ్యమంటారండీ?”

“ముందు ఆ పిల్ల బతికుందో లేదో కనుక్కో.”

వాళ్ళింటికి నేను వెళ్ళడమంటే పద్మకి ఇంకో దెబ్బ తగిలించడమే. నా దగ్గరున్న ఆధారం ఒక్కటే, ఆకుపచ్చ దారం.

“ఎప్పుడు జరిగింది?”

మస్తాన్ సాయిబు గారు వన్‌టౌన్‌లో మగవాళ్ళ బట్టలు కుట్టే టైలరు. రెండు మిషన్లు పట్టే కొట్టు. గురువారాలు మాత్రం మధ్యాహ్నం దాకా మిషను ఆపి, భయపడినవాళ్ళకి దారాలు కట్టేవారు. వచ్చేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉండేవారు. నేను వెళ్ళేసరికి అందరూ వెళ్ళిపోయారు. ఆయన పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఒక కాలరు చూస్తున్నారు.

“కూర్చో బాబూ” అన్నారు సూదులు తీసి. “ఎప్పుడు జరిగింది?”

“ఏది?”

“ఏదో నాకెందుకు. నీ మొహం చూస్తే తెలుస్తానే ఉంది. ఎప్పుడో చెప్పు.”

“మొన్న మంగళవారం.”

“అయితే నీకు ఒక్క దారం చాలు” అని, నేను నోరు తెరిచే లోపల నా మణికట్టుకి ఆకుపచ్చ దారం కట్టేసి, మూడుసార్లు ఊదారు. మానసిక వైద్య విభాగం కౌన్సిలర్ని అని చెప్పడానికి అది సరైన సమయం కాదనిపించింది. కాసేపాగి చెప్పాను. ఎందుకొచ్చానో కూడా చెప్పాను.

ఆయన టేపు చుట్ట చుట్టి పక్కన పెట్టారు.

“ఆ పిల్ల పొద్దున వచ్చి వెళ్ళింది, అత్తతో. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది.”

ఆ వాపు నా చలవే. దాని గురించి ఇంకేం రాసినా నన్ను నేను ఓదార్చుకోవడమే అవుతుంది కాబట్టి రాయను.

“మీకు ఆవిడ సంగతి ముందే తెలుసా?” అని అడిగాను.

“తెలుసు.”

“చెప్పిందా?”

“లేదు. నేను ‘ఏం జరిగింది’ అని అడగను. అది అడిగితే అబద్ధం చెప్పుకోవాల్సొచ్చిద్ది పాపం. ‘ఎప్పుడు జరిగింది’ అనే అడుగుతా. రోజు చెప్పగలిగినోళ్ళకి ఒక దారం. ఇంటికెళ్ళి నలుగురికీ చెప్పుకుంటే వాళ్ళే బాగవుతారు. రోజు చెప్పలేనోళ్ళు కొందరుంటారు. తలొంచుకుంటారు. వాళ్ళకి దారంతో పనవ్వదు. వాళ్ళకి గురువారాలు.”

“గురువారాలంటే?”

“ప్రతి గురువారం రావాలి. పదకొండు చెప్పా మొదట. అవి అయిపోతన్నాయని మొన్న మళ్ళీ మొదట్నుంచి నలభై ఒకటి చేశా. మధ్యలో ఒక్కటి తప్పినా ఇంట్లో మగాడికి తగులుద్దని ఆ మొగుడికి కబురు పంపా. వాడికి తన ఒంటికేమన్నా అయిద్దని బాగా భయం. కన్ను వాచినా పంపాడంటే అదే. వారానికో పూట గడప దాటుద్ది, నలుగురు మనుషుల్ని చూసుద్ది. ఆ పూట ఊపిరి పీల్చుకుంటే ఇంకో వారం బతుకుద్ది.” నా వైపు కళ్ళజోడు మీంచి చూశారు. “ఇట్టాంటిది మీ కితాబుల్లో ఉందా?”

“లేదండీ.”

“నా కితాబులోనూ లేదులే” అని గుండుసూదులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకున్నారు.

అంతవరకు ఊళ్ళో నన్ను మించిన కోతలరాయుడు లేడనుకునేవాణ్ణి. ఆ రోజు తలొంచాను.

ప్యాంట్లు

ఆయన నన్ను గురువారాలు అక్కడ కూర్చోనిచ్చారు, ఒక షరతు మీద. “ఊరికే కూర్చుంటే జనం అడుగుతారు. ప్యాంటు కుట్టించుకో.” అలా ఆ ఏడాది నేను కుట్టించుకున్న ప్యాంట్లతో మా బావమరిది పెళ్ళీడు కొడుకులిద్దరూ గట్టెక్కారు. కొలతలు తీసుకుంటున్నట్టు సాయిబు గారు టేపు నా నడుముకి చుట్టి వదిలేసేవారు, నేను అలా చేతులెత్తి నిలబడి పద్మ గారితో మాట్లాడేవాణ్ణి. మీ పాఠాల్లో కూర్చునే భంగిమ గురించి చాలా ఉంటుంది. ఇది ఉండదు.

మొదటి రెండు వారాలు ఆవిడ నా వైపు చూడలేదు. మూడో గురువారం నేను క్షమించమన్నాను. ఆవిడ నెమ్మదిగా, గచ్చు వైపు చూస్తూ చెప్పింది.

“మీరు కనిపెట్టారని నాకు భయం వెయ్యలేదండీ. ఎవరన్నా కనిపెడితే బాగుండనే అనుకుంటా ఉన్నా. మీరు కనిపెట్టి ఆయన్ని పిలిచారు.”

ఇది నా గది గోడ మీద రాసి పెట్టుకున్నాను. మీరూ రాసుకోండి.

ఆ బస్సు ఆలోచన సామ్రాజ్యం గారిది. పక్కింటావిడ చెప్పగా విన్న బస్సు. “పెద్ద డాక్టర్ల దగ్గరికెళ్ళి నా కొడుకు కొడతన్నాడండీ అంటే ‘సర్దుకుపోండమ్మా’ అంటారు” అన్నారావిడ. “బస్సులో పడ్డదంటే కూర్చోబెట్టి అడుగుతారు. నీళ్ళు తాగిస్తారు. నాకు తెలుసండీ. ఆళ్ళ నాన్న కూడా ఇంతే. నా రోజుల్లో కాలవలో ఒక్క బస్సు కూడా పళ్ళేదు, చెప్పుకోడానికి.”

ఆ మాటకి సాయిబు గారు నా నడుముకున్న టేపు అలాగే వదిలేసి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకున్నారు.

చెప్పమంటే పద్మకి చెప్పడం వచ్చేది కాదు. పదేళ్ళ కాపురాన్ని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? నేనూ పుస్తకం పక్కన పెట్టి, పోయిన గురువారం నుంచి ఈ గురువారం దాకా అంతే అడిగాను. ఒక్క వారం. కొన్ని వారాలు అంట్లు తోమిన సంగతులే చెప్పేది. కొన్ని వారాలు చూపించేది. వసుంధర గారు ఒక గురువారం తనే ‘బ్లౌజు కుట్టించుకోవడానికి’ వచ్చి, మగవాళ్ళ టైలరని బోర్డు చూసుకోకుండా కూర్చుని, దెబ్బలన్నీ పరీక్షించి కాగితం మీద రాసి సంతకం పెట్టి దాచారు. హనుమాన్ జంక్షన్‌లో పద్మ అక్క టిఫిను హోటలు నడుపుతోందని అయిదో నెలలో తెలిసింది. రాకపోకలు తెగి చాలాకాలమైంది. పద్మ టైలరు కొట్లో కూర్చునే అక్కకి ఉత్తరం రాసింది, మూడుసార్లు చించి నాలుగోసారి. జవాబు సాయిబు గారి పేరున వచ్చింది. ‘గది ఉంది. ఎప్పుడైనా రా.’

రమ్మనగానే వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. రోజూ భయపడే మనిషికి భయం లేని చోటు కూడా భయంగానే ఉంటుందని నాకప్పటికి తెలియదు. నేను తొందరపెట్టబోతే సాయిబు గారు టేపు బిగించేవారు. నలభై ఒకటీ అయ్యాక ఆయన ఇంకో పదకొండు కొసరు వేశారు.

కొసరు చివరి గురువారం పొద్దున పదింటికి పద్మ చిన్న సంచీతో వచ్చింది. వెనకే సామ్రాజ్యం గారు ఇంకో పెద్ద సంచీతో.

“మీరు కూడానా అండీ?” అన్నాను.

“మరి నా మోకాళ్ళకి ఇక్కడ కరెంటు ఎవరు పెట్టిస్తారు?” అన్నారావిడ.

బస్టాండులో నేనే ఎక్కించాను. పద్మ కిటికీ పక్కన కూర్చుంది. ఎండ మండిపోతోంది. అప్పటికి కాలవలు కట్టేసి పది రోజులు.

ఒక మాట, మధ్యలో

ఇది చదివి కౌన్సిలింగ్ మానేసి దారాలు కొనుక్కోకండి. మూర్ఛ రోగిని నెలల తరబడి దారాల చుట్టూ తిప్పి, ఆఖర్న మా దగ్గరికి మోసుకొచ్చినవాళ్ళని చూశాను. సాయిబు గారే తర్వాత్తర్వాత “ఇది నా దారానికి ఆగదు, ఈ సారు దగ్గరికెళ్ళు” అని చీటీ రాసి పంపేవారు. ఆయన చీటీతో వచ్చినవాళ్ళని నేను ముందుగా చూసేవాణ్ణి. ఆయన దగ్గర నేర్చుకున్నది దారం కాదు, ఆ మొదటి ప్రశ్న. దానికి జవాబు రాకపోతే ఆగడం. ఇంటికి పంపేముందు, ఆ ఇల్లే ప్రమాదమేమో అని ఒక్క క్షణం ఆలోచించడం. నేను ఈ మూడూ నేర్చుకోవడానికి ఒక మనిషి కన్ను వాచింది. మీకది అవసరం కాకూడదు.

జంక్షన్‌లో ఒక పూట

రెండేళ్ళ తర్వాత పని మీద ఏలూరు వెళ్ళొస్తూ హనుమాన్ జంక్షన్‌లో దిగాను. అక్క హోటలు లారీలు ఆగే వైపు. పొయ్యి దగ్గర పద్మ. కొంచెం ఒళ్ళు చేసింది. సామ్రాజ్యం గారు గల్లాపెట్టె దగ్గర బల్ల మీద మోకాళ్ళు చాపుకుని కూర్చుని, లారీవాళ్ళని అదిలిస్తున్నారు. కొడుకు ఒకసారి వచ్చాడట. టిఫిను తింటున్న డ్రైవర్లు ప్లేట్లతో సహా లేచి నిలబడ్డారట. తర్వాత రాలేదు.

కొత్తగా పక్కింట్లో దిగిన ఒకావిడ చట్నీ గిన్నె పట్టుకుని పద్మని అడుగుతోంది, “అసలు ఎట్టా వచ్చావమ్మా ఇక్కడికి?”

పద్మ పెనం మీద పిండి తిప్పుతూ అందుకుంది. ఎన్నోసారి చెబుతోందో, తడుముకోవట్లేదు. బస్సు కదిలింది. ఆయన మోటారుసైకిలేసుకుని వెంటపడ్డాడు. గన్నవరం దాటినా వదల్లేదు. డ్రైవరు భయపడి పక్కకి కోశాడు. బస్సు ఒరిగింది. కింద నిండు కాలవ, అంచుల దాకా నీళ్ళు. అత్తగారు కిటికీలోంచి సంచీ ఎత్తి ఆయన మీదికి విసిరింది.

“అమ్మో!” అంది పక్కింటావిడ. “ఇదెప్పుడు జరిగింది?”

“ఏప్రిల్‌లో, గురువారం. పొద్దున పదిన్నర బస్సు” అంది పద్మ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

అప్పుడు నన్ను చూసింది. అట్లకాడ గాల్లోనే ఆగింది. నెమ్మదిగా నవ్వింది, నేనేమంటానో చూద్దామన్నట్టు.

కాలవలో నీళ్ళెన్ని ఉన్నాయని నేనడగలేదు. ఇంకో పెసరట్టు అడిగాను.